ఎముకల మాత్ర వాడుతున్న అమ్మకు, పీకేసిన పన్ను చోట ఏం పెట్టించాలి?

కావలి దగ్గర పల్లెలో ఉన్న అమ్మ గురించి బెంగళూరు నుంచి ఒకరు అడిగారు. అమ్మకు 66 ఏళ్లు. ఎముకలు గుల్లబారాయని ఆరేళ్లుగా వారానికొక అలెండ్రొనేట్ 70 మాత్ర వేసుకుంటున్నారు. షుగర్ ఉంది, మాత్రలతో నడుస్తోంది. ఎనిమిది నెలల కిందట కింది కుడివైపు దవడ పన్ను పీకేశారు. ఆ ఖాళీకి ముందున్న పన్నుకు ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. నెల్లూరులో ఒక డాక్టరు వచ్చే వారమే ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద నిలిపే పన్ను, పెట్టేద్దామన్నారు. ఇంకొకరు ఈ మాత్ర వాడేవాళ్లకు ఇంప్లాంట్ పెడితే దవడ కుళ్లిపోతుందన్నారు. చుట్టాల్లో ఒకాయన మూడు నెలలు మాత్ర ఆపేసి పెట్టించుకోమన్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది ప్రశ్న.

ఒంగోలులో కొన్నేళ్లు, నెల్లూరులో మిగతా ఏళ్లు, మొత్తం ఇరవై మూడేళ్లుగా నేను చేస్తున్నది ఈ పనే. పోయిన పళ్ల చోట పళ్లు పెట్టడం.

ముందు సమాధానం: మీ అమ్మగారికి నేనైతే బ్రిడ్జి పెడతాను, అంటే ఖాళీకి రెండువైపులా ఉన్న పళ్లను స్తంభాలుగా చేసుకుని మధ్యలో పన్ను నిలపడం. ఇంప్లాంట్ పెట్టకూడదని కాదు, ఆమెకు దాని అవసరం లేదు. మాత్ర మాత్రం ఎవరో చెప్పారని ఆపొద్దు.

ఎందుకో చెప్పే ముందు ఒక సంగతి. మీరు మాత్ర పేరు, మోతాదు, ఎన్నేళ్లుగా వాడుతున్నదీ రాశారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందిలో ఒకరు కూడా ఇంత చెప్పరు. మొన్న ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఏం మందులు వాడతావమ్మా అంటే "బీపీ బిళ్ల ఒకటే సార్" అంది. పన్ను పీకడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఎందుకో మనసొప్పక, "సూదులేమన్నా వేయించుకున్నావా?" అని మళ్లీ అడిగాను. "అది మందు కాదు గదా సార్, సూది. ఆర్నెల్లకోసారి మా కోడలు పొట్ట మీద యేయిస్తాది, నడుము బలానికి." ఆ సూది డెనోసుమాబ్, అదీ గుల్లబారిన ఎముకలకు ఇచ్చే మందే. సూది వేయించుకుని సరిగ్గా మూడు వారాలైంది. ఆ రోజు పన్ను పీకలేదు. పన్ను పైభాగం తీసేసి, వేరుకు రూట్ కెనాల్ చేసి, వేరును దవడలోనే ఉంచేశాను.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫైలు మొత్తం తీసుకెళ్లండి. మాత్రల షీట్, సెలైన్ ఎక్కించినప్పటి చీటీ, సూది డబ్బా, ఏదుంటే అది. పళ్ల డాక్టరుకు ఎముకల ఫైలు ఎందుకని అనుకోవద్దు. ఇక్కడ పన్ను కంటే ఆ ఫైలుతోనే ఎక్కువ పని.

ఇక ఈ మందు చేసే పని. ఎముక రాయి కాదు. ఒక జాతి కణాలు పాతబడ్డ ఎముకను తినేస్తుంటాయి, ఇంకో జాతి కణాలు వెనకాలే కొత్త ఎముక వేస్తుంటాయి. వయసు మీద పడితే, ముఖ్యంగా ఆడవాళ్లకు నెలసరి ఆగాక, తినేవాళ్లది పైచేయి అవుతుంది. ఎముక గుల్లబారేది అందుకే. అలెండ్రొనేట్, రిసెడ్రొనేట్, ఐబాండ్రొనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ మందులన్నీ తినే కణాలను అణిచేస్తాయి. తుంటి ఎముక, వెన్నుపూస విరగకుండా కాపాడతాయి. చిక్కల్లా దవడ దగ్గరే. పన్ను పీకినా, ఇంప్లాంట్ కోసం రంధ్రం చేసినా ముందు దెబ్బతిన్న ఎముకను తినేయాలి, ఆ తర్వాతే కొత్తది వేయాలి. పాత మోళ్లు దున్నకుండా నాట్లు వేస్తే ఏమవుతుందో మన వైపు రైతుకు చెప్పక్కర్లేదు. పైగా దవడ ఎముక మీద ఉండేది పల్చటి చిగురు, నోటి నిండా క్రిములు. కాలో చెయ్యో అయితే ఎముక మీద కండ ఉంటుంది, చర్మం ఉంటుంది. ఇక్కడ ఆ కాపలా లేదు.

అలా మానని చోట ఎముక బయటపడి ఎనిమిది వారాలు దాటినా మూసుకోకపోతే, ఆ దవడకు రేడియేషన్ ఇచ్చిన చరిత్ర లేకపోతే, దాన్ని మందుల వల్ల వచ్చిన దవడ ఎముక కుళ్లు అంటాం. 2003లో మొదటిసారి బయటికి వచ్చిన జబ్బు ఇది. అంతకుముందు చదువుకున్న మా సీనియర్లకు దీని పేరే తెలియదు. వాళ్లను తప్పుపట్టలేం. కింది దవడకు ఎక్కువగా వస్తుంది, పై దవడకు తక్కువ.

మీకు రెండో డాక్టరు చెప్పిన "దవడ కుళ్లిపోతుంది" అన్నది ఇదే. జబ్బు నిజమే, భయపెట్టిన తీరే నాకు నచ్చలేదు. గుల్లబారిన ఎముకలకు మాత్రలు వాడేవాళ్లలో ఇది పదివేల మందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తుంది. ఆర్నెల్ల సూది వేయించుకునేవాళ్లలో ఇంకాస్త ఎక్కువ, పదివేలకు నాలుగు నుంచి ముప్పై దాకా. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు నెలనెలా ఎక్కించే మందులతో మాత్రం లెక్క వందల్లోకి దిగుతుంది, వందకు ఐదుగురి లోపు. మీ అమ్మగారిది మొదటి గుంపు. ఆమెను మూడో గుంపులో నిలబెట్టి మాట్లాడారు ఆయన.

మూడో గుంపు ఎలా ఉంటుందో నాకు ఒక మనిషి నేర్పింది. 2009 అనుకుంటా, ఒంగోలులో ఉన్నాను. అద్దంకి వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. రొమ్ము క్యాన్సర్, వెన్నుకు పాకింది, వైద్యం చెన్నైలో. నెలకోసారి "సెలైన్ పెడతారు" అంది. ఏం సెలైనని నేను అడగలేదు. కింద ఎడమవైపు దవడ పన్ను కదులుతోందంటే పీకి పంపాను. రెండు వారాలకు నొప్పి అని వచ్చింది. గుంత ఎండిపోయిందిలే అనుకుని కడిగి, లవంగ నూనె మందు పెట్టాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పెట్టాను. ఆరో వారం లైటు దగ్గరికి లాక్కుని చూస్తే గుంత అడుగున పసుపుపచ్చగా ఏదో కనిపించింది. పరికరం కొస ఆనిస్తే పింగాణీ పళ్లేన్ని తాకినట్టు టిక్‌మంది. చిగురు కాదు, మాంసం కాదు, ఒట్టి ఎముక. అప్పుడు చెన్నై ఫైలు తెప్పించి చూస్తే ఆ సెలైన్ జోలెడ్రోనిక్ యాసిడ్, 4 మిల్లీగ్రాములు, ఏడాదిన్నరగా నెలనెలా. చేసింది నేనే. ఆమె ఒక్క మాట అనలేదు. పుక్కిలించే మందు, యాంటీబయోటిక్, వారం వారం కడగడం. పదకొండు నెలలకు వేరుశనగ గింజంత ఎముక ముక్క దానంతటదే ఊడొచ్చింది, అప్పుడు చిగురు కమ్ముకుంది. ఆ పదకొండు నెలలూ ఆమె అటువైపు నమల్లేదు. అప్పటి నుంచి "సూది, సెలైన్, పొట్లం" అని మూడు మాటలు విడివిడిగా అడగకుండా నేను పన్ను మీద చెయ్యి వేయను.

పొట్లం ఎందుకంటారా? మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ కాగితంలో మడిచిచ్చే బిళ్లల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ వాడకం, షుగర్, చుట్ట లేదా సిగరెట్, చిగుళ్ల చీము. ఎముకల మందుకు వీటిలో ఏది తోడైనా ప్రమాదం పెరుగుతుంది. మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి మూడు నెలల సరాసరి చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. "అదుపులోనే ఉంది" అంటే ఆ అంకె ఎంతో చూడాలి. పొట్లం సంగతి కూడా ఆమెనే నెమ్మదిగా అడగండి. కొడుకు అరుస్తాడని చెప్పరు.

ఇక మీ చుట్టం చెప్పిన సలహా. మూడు నెలలు మాత్ర ఆపడం. అలెండ్రొనేట్ లాంటివి ఎముకలోకి ఇంకిపోతాయి. ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ఆరేళ్లు వేసుకుని మూడు నెలలు ఆపితే దవడలో ఉన్నది ఎక్కడికీ పోదు. ఒకప్పుడు నాలుగేళ్లు దాటినవాళ్లకు రెండు నెలలు ఆపమని చెప్పేవాళ్లం, నేనూ చెప్పాను. 2022లో అమెరికా నోటి శస్త్రవైద్యుల సంఘం మళ్లీ కూర్చుని చర్చించినా, ఆపితే మేలా కాదా అన్నదాని మీద ఒక మాటకు రాలేకపోయింది. కొందరు సీటీఎక్స్ అనే రక్తపరీక్ష రాసి ఆ అంకెను బట్టి పన్ను పీకొచ్చో లేదో చెబుతారు. దాన్ని నమ్ముకుని నిర్ణయం తీసుకోవడాన్ని ఆ సంఘం సిఫారసు చేయడం లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

కానీ ఒకటుంది. ఐదేళ్లు మాత్ర వాడాక ఇంకా కొనసాగించాలా, కొన్నాళ్లు విరామం ఇవ్వాలా అని ఎముకల డాక్టర్లు మామూలుగానే సమీక్షిస్తారు. మీ అమ్మగారికి ఆరేళ్లయింది. ఎముక గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చివరిసారి ఎప్పుడు తీశారో చూసి, ఎముకల డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్లండి. తుంటి ఎముక బాగుండి, ఇంతవరకు ఎక్కడా విరగకపోతే ఆయనే విరామం ఇవ్వొచ్చు. అది ఎముకల లెక్క ప్రకారం ఆయన తీసుకునే నిర్ణయం. పన్ను కోసం నేను తీసుకునేది కాదు.

మాత్రల సంగతి ఇలా ఉంటే ఆర్నెల్ల సూది సంగతి పూర్తిగా వేరు, దాన్ని ఆపడం ప్రమాదం. ఇది చదివే వేరేవాళ్ల కోసం చెబుతున్నాను. డెనోసుమాబ్ ఎముకలో ఇంకదు. ఆర్నెల్లకు దాని పని అయిపోతుంది, అప్పుడు అణిగి ఉన్న తినే కణాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఒకావిడకు ఎక్కడో ఇంప్లాంట్ కోసమని సూది ఆపించారు. తర్వాత ఎవరూ గుర్తు చేయలేదు. చివరి సూది వేసి పద్నాలుగు నెలలయ్యాక బిందె ఎత్తబోతే నడుము పట్టేసింది. ఎక్స్‌రేలో రెండు వెన్నుపూసలు నలిగిపోయి ఉన్నాయి. ఇంప్లాంట్ మాత్రం చక్కగా ఉంది, నా దగ్గరికి దానికి క్యాప్ వేయించుకోవడానికే వచ్చింది, కోడలి భుజం పట్టుకుని. ఈ సూది వాడేవాళ్లకు పన్ను పీకాలన్నా, ఇంకేదన్నా కోయాలన్నా సూది వేసిన మూడు నాలుగు నెలలకు చేయాలి. తర్వాతి సూది నాటికి కనీసం ఎనిమిది వారాలు దొరుకుతాయి, చిగురు మూసుకుంటుంది, సూది తేదీ తప్పదు.

రోజూ పెన్నుతో పొడుచుకునే టెరిపారటైడ్ వేరే జాతి, అది ఎముకను వేసే మందు. కాల్షియం మాత్రలు, డి విటమిన్ పొడి ఈ గొడవలోకే రావు.

సరే, మీ అమ్మగారి నోట్లోకి వద్దాం.

బ్రిడ్జి ఎందుకంటే, ఖాళీకి ముందున్న పన్నుకు ఇప్పటికే క్యాప్ ఉంది. మంచి పన్నును అరగదీయాల్సి వస్తుందన్నదే బ్రిడ్జి మీద ఉండే పెద్ద అభ్యంతరం. ఇక్కడ ఆ పన్ను ఎప్పుడో అరిగింది, పాత క్యాప్ తీసేసి దాన్నే స్తంభంగా వాడుకోవచ్చు. వెనక పన్ను ఒక్కటి అరగదీస్తే చాలు. ఎముకను ముట్టుకునే పని లేదు. రెండు మూడు సార్లు వెళ్తే అయిపోతుంది. పల్లె నుంచి వచ్చి వెళ్లే మనిషికి అది కూడా లెక్కే. ఇంప్లాంట్ అయితే ఎముక పట్టుకోవడానికే మూడు నుంచి ఆరు నెలలు, ఆ తర్వాత క్యాప్.

బ్రిడ్జికీ ఒక లోపం ఉంది. కింద శుభ్రం చేయకపోతే స్తంభం పళ్లు పుచ్చుతాయి. పుచ్చితే పీకాల్సి వస్తుంది, పీకడమంటే మళ్లీ మనం భయపడుతున్న చోటికే. అందుకని మధ్య పన్ను అడుగు చిగురును నొక్కకుండా, కింద సన్న బ్రష్ దూరేలా చేయమని ముందే చెప్పండి. ఆ బ్రష్ ఎలా తిప్పాలో అమ్మగారి చేతికే ఇచ్చి అద్దం ముందు చేయించాలి. నోటితో చెబితే తల ఊపుతారు, ఇంటికెళ్లాక అది అలమర్లో ఉంటుంది.

తీసి పెట్టుకునే పన్ను చౌక, ఎముక జోలికి పోదు. అయినా ఒక్క పన్నుకు, అదీ కింది దవడలో నాకు ఇష్టం ఉండదు. కదులుతుంది, నాలుక వైపు లోపలి గట్టు మీద చిగురు కాగితంలా ఉంటుంది, అక్కడ ఒరుసుకుంటే ఎముక బయటపడొచ్చు. ఏమీ పీకకుండా, కోయకుండా కేవలం కట్టుడు పళ్ల సెట్టు ఒరుసుకుని ఎముక తేలినవాళ్లను ఇద్దర్ని చూశాను. ఇప్పటికే సెట్టు వాడుతున్నవాళ్లు రాత్రి తీసి నీళ్లలో వేసి పడుకోండి. పుండు పడితే ఆకురాయితో ఇంట్లో గీసుకోకండి.

ఏమీ పెట్టించకపోవడం కూడా ఒక వైద్యమే. చివరి దవడ పన్ను పోయినవాళ్లకు చాలామందికి నేను ఏమీ పెట్టను. మీ అమ్మగారిది మధ్యలో ఖాళీ కాబట్టి వెనక పన్ను ముందుకు వాలుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. ఎనిమిది నెలల్లో ఎంత జరిగిందో చూసి మాట్లాడాలి.

ఇక ఇంప్లాంట్. మొదటి డాక్టరు చెప్పినది అసాధ్యమేమీ కాదు. మాత్రలు వాడేవాళ్లలో ఇంప్లాంట్లు మిగతావాళ్లలో లాగే నిలబడుతున్నాయి, నేనూ పెట్టాను, ఉన్నాయి. నాకు నచ్చనిది "వచ్చే వారం" అన్న మాట. స్కాన్ లేదు, షుగర్ అంకె లేదు, ఎముకల డాక్టరుతో మాట లేదు. ఇంకో విషయం చాలామంది చెప్పరు. ఇంప్లాంట్ పెట్టిన రోజే ఇబ్బంది రావాలని లేదు. ఇంప్లాంట్ పట్టుకుని, క్యాప్ వేసి, ఏళ్లు గడిచాక దాని చుట్టూ ఎముక చచ్చుబడ్డ కేసులున్నాయి. మీ అమ్మగారికి 66. ఎనభై ఏళ్లకు చెయ్యి వణుకుతూ బ్రష్ సరిగ్గా పట్టలేని రోజు ఆ స్క్రూ చుట్టూ చీము పడితే ఎవరు చూస్తారు? ఖాళీకి రెండువైపులా తాకని మంచి పళ్లుండి, మందు మొదలుపెట్టి రెండేళ్లయి, షుగర్ లేకపోతే నేనే ఇంప్లాంట్ అనేవాణ్ని. క్యాన్సర్ మోతాదులో మందు ఎక్కుతున్నవాళ్లకు మాత్రం పెట్టను, ఎంత అడిగినా.

ఎలాగూ ఇంప్లాంటే కావాలనుకుంటే: ముందు నోరంతా శుభ్రం, చిగుళ్ల వైద్యం. ఒక్కసారికి ఒక్క ఇంప్లాంట్, అది మానాకే ఇంకొకటి. ఎముక తక్కువైందని పక్కనుంచి ఎముక పొడి నింపే పనులు వద్దు. ముందురోజు నుంచే క్లోరెక్సిడిన్ పుక్కిలింత, యాంటీబయోటిక్, కుట్లు బిగువు లేకుండా పూర్తిగా మూయడం. ప్రమాదం సంగతి తెలుగులో రాసి సంతకం తీసుకోవాలి. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే అది డాక్టరుకు రక్షణ, మీ అమ్మకు కాదు.

మన జిల్లాలవాళ్లకు ఒక పక్కమాట. కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి వైపువాళ్లయితే ఫ్లోరైడ్ నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి. 1937లోనే ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ బయటపడ్డది ఈ ప్రాంతంలోనే, అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లా. గోధుమ మచ్చలు, గుంటలు పడ్డ పన్ను మీద జిగురు సరిగ్గా పట్టదు, కాబట్టి పక్క పళ్లకు రెక్కలతో అతికించే బ్రిడ్జి వాళ్లకు తొందరగా ఊడొస్తుంది. పూర్తి క్యాప్‌లతో చేసే బ్రిడ్జే నయం. ఫ్లోరైడ్ చేరిన ఎముక డెక్సాలో గట్టిగా కనబడి లోపల పెళుసుగా ఉండొచ్చు, ఆ స్కాన్ చదివే డాక్టరుకూ మీది ఏ ఊరో తెలియాలి.

ఇప్పుడు మీరు చేయాల్సిన వరుస. ముందు ఆ పీకిన చోటు చూపించండి. ఎనిమిది నెలల్లో చిగురు నున్నగా గులాబీ రంగులో మూసుకుని ఉండాలి. నాలుకకు గరుకుగా ఏదన్నా తగిలినా, చిన్న రంధ్రంలోంచి చీము వస్తున్నా, కింది పెదవి అటువైపు తిమ్మిరిగా ఉన్నా పన్ను పెట్టించే మాట పక్కనపెట్టి నోటి శస్త్రవైద్యుడి దగ్గరికి వెళ్లండి. చోటు బాగా మాని ఉంటే అది శుభవార్తే. ఆరేళ్ల మందు ఉన్నా ఆమె దవడ ఒక గాయాన్ని మాన్చుకోగలిగింది.

తర్వాత రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే, ఓపీజీ అంటారు, అది ఒకటి, ఆ క్యాప్ ఉన్న పన్నుకు విడిగా చిన్న ఎక్స్‌రే ఒకటి తీయించండి. బ్రిడ్జి బరువు మోయబోయేది ఆ పన్నే. వేరు కొసన నల్లటి మచ్చ కనిపిస్తే ముందు రూట్ కెనాల్ మళ్లీ చేయించి, రెండు మూడు నెలలు తాత్కాలిక క్యాప్‌తో చూసి, నొప్పి వాపు లేకుండా మచ్చ తగ్గుముఖం పట్టాకే బ్రిడ్జి కొలతలు ఇవ్వాలి. మచ్చ లేకపోతే సంక్రాంతికి మీరు ఊరొచ్చే నాటికి ఆమె రెండువైపులా నములుతూ ఉంటారు.